రిట్రాక్షన్ల లెక్క తగ్గించమన్నారు: ఒక యూనివర్సిటీ ప్రచురణల్లో రిస్క్ అంచనా వేసిన కేసు

నేపథ్యం

ఈ కేసు తెలుగు రాష్ట్రాల్లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీది. ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై, తర్వాత సైన్స్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ విభాగాలు కలుపుకొని యూనివర్సిటీ అయింది. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. ఎన్ని పేపర్లు, ఎన్ని రిట్రాక్షన్లు (అచ్చయిన పేపర్‌ను జర్నల్ వెనక్కి తీసుకోవడం) అన్నది కూడా చెప్పడం లేదు. రిట్రాక్షన్ రికార్డులు ఎవరైనా చూడగలిగేవే కాబట్టి సంఖ్య చెబితే పేరు చెప్పినట్టే.

నేను లైబ్రరీ సైన్స్ చదివి, యూనివర్సిటీల ప్రచురణ రికార్డులు పరిశీలించే పనిలోకి వచ్చినదాన్ని. నన్ను పిలిచేనాటికి అక్కడి పద్ధతి ఇలా ఉండేది. పరిశోధన జర్నళ్ల డేటాబేస్‌లైన స్కోపస్‌లో గానీ వెబ్ ఆఫ్ సైన్స్‌లో గానీ ఉన్న జర్నల్లో పేపర్ వస్తే నగదు ప్రోత్సాహకం. ఆథర్ల వరసలో ఎన్నో స్థానంలో ఉన్నా ఎంతోకొంత వాటా. ప్రమోషన్ ఫైల్లో పేపర్ల సంఖ్యకు ఒక కాలమ్. థీసిస్ ఇవ్వాలంటే స్కాలర్‌కు ముందు రెండు పేపర్లు ఉండి తీరాలి. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త రెగ్యులేషన్లలో తీసేసింది. ఈ యూనివర్సిటీ మాత్రం తన ఆర్డినెన్స్‌లో (సొంత నిబంధనల్లో) దాన్ని అలాగే ఉంచుకుంది.

ఎదురైన సమస్య

ఒక అంతర్జాతీయ పబ్లిషర్ తన స్పెషల్ ఇష్యూల్లో (బయటి గెస్ట్ ఎడిటర్లు నడిపే ప్రత్యేక సంచికల్లో) వచ్చిన పేపర్లను వరసగా రిట్రాక్ట్ చేయడం మొదలుపెట్టింది. వాటిలో ఈ యూనివర్సిటీవి కూడా ఉన్నాయి. అది సర్దుమణగక ముందే 2025లో బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీకి చెందిన లోక్‌మన్ మెహో రూపొందించిన రీసెర్చ్ ఇంటెగ్రిటీ రిస్క్ ఇండెక్స్ వచ్చింది. వెయ్యి పేపర్లకు ఎన్ని రిట్రాక్ట్ అయ్యాయి, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తొలగించిన జర్నళ్లలో ఎంత శాతం పేపర్లున్నాయి అని చూసి, రెడ్ ఫ్లాగ్ నుంచి లో రిస్క్ దాకా జోన్లుగా విడగొట్టిన సూచిక అది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్ కూడా రిట్రాక్ట్ అయిన పేపర్లకు మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. మేనేజ్‌మెంట్‌కు అప్పుడు టెన్షన్ పట్టుకుంది. నాకిచ్చిన లేఖలో పని ఒక్క వాక్యంలో ఉంది: వచ్చే ఏడాదికి రిట్రాక్షన్ల సంఖ్య తగ్గాలి.

ఆ పని ఆ రూపంలో తీసుకోనని మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. పేపర్ అచ్చయిన రెండు మూడేళ్లకు గానీ సాధారణంగా రిట్రాక్షన్ రాదు. ఇప్పుడు కనిపిస్తున్న సంఖ్య 2021, 2022ల్లో జరిగినదాని లెక్క. ఈ ఏడాది ఎంత మంచిగా నడుచుకున్నా వచ్చే ఏడాది సంఖ్య మన చేతిలో ఉండదు. పైగా అందులో కొంత భాగం పబ్లిషర్ల చర్యల వల్ల పెరిగినది. 2021లో వైలీ కొనుక్కున్న హిందావీ విషయమే తీసుకోండి. 2023లో ఆ ఒక్క సంస్థ జర్నళ్లలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ప్రపంచం మొత్తం మీద ఒక ఏడాది రిట్రాక్షన్లు పది వేలు దాటింది అప్పుడే. అంత జల్లెడ ఇంకా పట్టని పబ్లిషర్ దగ్గర అచ్చు వేసుకున్న యూనివర్సిటీ ఇదే సూచికలో శుభ్రంగా కనిపిస్తుంది.

అందుకని ప్రశ్నను మార్చమని అడిగాను. మన పేరుతో వచ్చిన పేపర్లలో ఎవరైనా నిలదీస్తే మనం వెనకేసుకు రాగలిగేవి ఏవి, రాలేనివి ఏవి? రాలేనివి మన దగ్గర తయారవడానికి దారి ఎక్కడ ఉంది? వీసీ ఒప్పుకున్నారు. మేనేజ్‌మెంట్ ప్రతినిధి "మేడం, సంఖ్య సంగతి కూడా చూడండి" అని రెండుసార్లు గుర్తుచేశారు. వారి ఆదుర్దా నాకు అర్థమైంది. ర్యాంకు పడితే అడ్మిషన్లు పడతాయి.

ముందుగా చేసినవి, పనికిరానివి

మొదట రికార్డు సరిచేయాల్సి వచ్చింది. రిట్రాక్షన్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023 సెప్టెంబర్‌లో క్రాస్‌రెఫ్ అనే సంస్థ తీసుకున్నప్పటి నుంచి అది అందరికీ ఉచితం. దాన్ని యూనివర్సిటీ సొంత జాబితాతో కలపబోతే పేర్లు కలవలేదు. పాత కాలేజీ పేరు, కొత్త పేరు, ఊరి పేరుతో ఒకటి, ట్రస్టు పేరుతో ఒకటి. వెళ్లిపోయిన టీచర్ల పేపర్లు కొన్ని. ఇక్కడ ఎప్పుడూ పనిచేయని మనిషి ఈ యూనివర్సిటీ అడ్రస్ వేసుకున్నవి కొన్ని. పబ్లిషర్ పొరపాటున ఒకే పేపర్‌ను రెండుసార్లు అచ్చువేసి ఒకదాన్ని తీసేసినా అదీ రిట్రాక్షన్ కిందికే వస్తుంది. విసుగు పుట్టించే పని, కానీ దీన్ని దాటేసి మొదలుపెట్టే ఏ అంచనానూ నేను నమ్మను.

ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్లు సిమిలారిటీ రిపోర్టులు (వేరే రాతలతో ఎంత శాతం పోలిక ఉందో సాఫ్ట్‌వేర్ చెప్పేవి) నా ముందు పెట్టారు. అన్ని పేపర్లకూ సర్టిఫికెట్ ఉంది, అన్నీ పది శాతం లోపే. యూజీసీ 2018 ప్లేజరిజం రెగ్యులేషన్ల ప్రకారం పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు కాబట్టి, ఆ గీత దాటకపోతే పేపర్ మంచిదన్నట్టే అక్కడ చూసేవారు. రిట్రాక్ట్ అయిన వాటి రిపోర్టులు తీయించాను. అవి కూడా పది లోపే. మాటలు మారిస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, మాటలు మార్చి ఇచ్చే టూల్స్ బోలెడున్నాయి. వాటి గుర్తు మరోచోట దొరుకుతుంది. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ బయటపెట్టిన విడ్డూరపు పదబంధాలు అవే. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్, బిగ్ డేటా బదులు కొలోసల్ ఇన్ఫర్మేషన్, బ్రెస్ట్ క్యాన్సర్ బదులు బూజమ్ పెరిల్. ఆ రంగంలో ఒక్క పుస్తకం చదివినవాళ్లు కూడా అలా రాయరు. తక్కువ సిమిలారిటీ స్కోరును ఇక్కడ నిర్దోషిత్వానికి రుజువుగా వాడుతున్నారు. ఆ సర్టిఫికెట్లను పక్కన పెట్టమన్నాను.

డీన్ గారు సూచించిన దారి తొలగించిన జర్నళ్ల జాబితా. ఆ జర్నళ్లలో రాసిన వాళ్లందరి దగ్గరా ప్రోత్సాహకం వెనక్కి తీసుకుంటే సరిపోతుందన్నారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకించాను. 2023లో వెబ్ ఆఫ్ సైన్స్‌ను నడిపే క్లారివేట్ సంస్థ, ఎండీపీఐ అనే పబ్లిషర్ వారి పర్యావరణ, ప్రజారోగ్య జర్నల్‌ను అందులోంచి తీసేసింది. అందులోని విషయాలు జర్నల్ పరిధికి సరిపోవడం లేదన్నది చెప్పిన కారణం. ఆ జర్నల్లో వేల పేపర్లున్నాయి, ఎన్నో ఏళ్లు కష్టపడి సర్వేలు చేసి రాసినవి చాలా ఉన్నాయి. జర్నల్ పోయిందని ఆ సర్వే తప్పయిపోదు. యూజీసీ తానే ఇచ్చిన మంచి జర్నళ్ల జాబితా 'కేర్'ను చూసి నమ్మి పంపిన వాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఆపేసింది. జాబితాను పూర్తిగా వదిలేయలేదు నేను. ఒక జర్నల్ తొలగింపుకు ముందు చివరి ఏడాదిలో, ఒకే డిపార్ట్‌మెంట్ నుంచి, ఒక్కసారిగా గుంపుగా పేపర్లు వెళ్లాయా అన్నది చూశాను. ఒకటి రెండు చోట్ల వెళ్లాయి. జాబితా నాకు ఉపయోగపడింది అంతవరకే.

మూడోది సర్క్యులర్. "మీ పేపర్లలో ఏవైనా లోపాలుంటే స్వచ్ఛందంగా తెలపండి" అని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వెళ్లింది. దాదాపు అదే సమయంలో ఒక డ్రాఫ్ట్ రూల్ కూడా స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది: పేపర్ రిట్రాక్ట్ అయితే కారణంతో పని లేకుండా ప్రోత్సాహకం తిరిగి కట్టాలి, ప్రమోషన్ ఆగిపోతుంది. ఇంక ఎవరు చెబుతారు?

ఒక్కరు చెప్పారు. కెమిస్ట్రీలో సీనియర్ టీచర్. తమ పాత పేపర్లలో ఒకదానికి వాడిన పరికరం కాలిబ్రేషన్ సరిగా లేదని తర్వాత కొలతల్లో తేలిందనీ, జర్నల్‌కు తానే రాసి పేపర్ వెనక్కి తీసుకోబోతున్నాననీ రాశారు. కొలతల పుస్తకం జిరాక్స్ కూడా జతపరిచారు. ఈ కేసులో నాకు దారి చూపింది ఆ ఉత్తరమే. డ్రాఫ్ట్ రూల్ గనక అమల్లోకి వస్తే, డబ్బిచ్చి పేపర్ కొనుక్కున్న మనిషికీ ఈయనకూ ఒకటే శిక్ష. ఇంకోసారి ఏ టీచరూ తన తప్పు తాను చెప్పడు. రిట్రాక్షన్ ఉన్నది శిక్షించడానికి కాదు, రికార్డు సరిచేయడానికి అని పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ కోప్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ డ్రాఫ్ట్‌ను వెనక్కి తీసుకునే దాకా నేను తర్వాతి మెట్టు ఎక్కనని చెప్పాను. తీసుకున్నారు.

ఫలితమిచ్చిన దారి

అన్ని పేపర్లూ చదవడం ఎవరివల్లా కాదు. అలాగని ఏవో కొన్ని యాదృచ్ఛికంగా తీస్తే అసలు సంగతి తప్పిపోవచ్చు. మార్కెట్ యార్డులో బస్తాకు పొడిచి లోపలి గింజలు తీసి చూసినట్టు, అనుమానం ఉన్న చోట ఎక్కువ, లేని చోట తక్కువ తీశాం. అనుమానానికి గుర్తులు ముందే రాసుకున్నాం: సంబంధం లేని రంగాల నుంచి, సంబంధం లేని దేశాల నుంచి ఆథర్లు, సబ్మిట్ చేసినప్పుడు లేని పేర్లు రివిజన్‌లో చేరడం, గెస్ట్ ఎడిటర్ నడిపిన స్పెషల్ ఇష్యూ, విషయంతో పని లేకుండా ఒకే మనిషి పేపర్లు గుంపుగా రిఫరెన్సుల్లో ఉండటం, పైన చెప్పిన విడ్డూరపు మాటలు. ఏ ఒక్క గుర్తూ దానికదే నేరం కాదని కమిటీకి పదేపదే చెప్పాల్సి వచ్చింది. జీమెయిల్ అడ్రస్‌తో పంపారన్నది కొందరు అనుమానంగా చూడబోయారు. మన దగ్గర స్కాలర్ బయటికి వెళ్లగానే సంస్థ మెయిల్ ఆగిపోతుంది, జీమెయిల్ వాడక ఏం చేస్తారు? దాన్ని గుర్తుల్లోంచి తీసేశాం. గుర్తులేమీ లేని పేపర్లలోంచి కూడా కొన్ని తీసి చదివాం. లేకపోతే మన గుర్తులు పనిచేస్తున్నాయో లేదో మనకు తెలియదు.

చదవడం అంటే ఏమిటో ఒక పేపర్ గురించి వివరంగా చెబుతాను. రొమ్ము క్యాన్సర్‌ను మెషీన్ లెర్నింగ్‌తో గుర్తించే పద్ధతి. వాడింది విస్కాన్సిన్ డయాగ్నస్టిక్ డేటాసెట్, ఎవరైనా దించుకోగలిగేది. ఆథర్లు చాలామంది, దేశాలూ చాలా. ఇంట్రడక్షన్‌లో ఒకచోట బూజమ్ పెరిల్ అనే ఉంది. అయినా నేను దాన్ని పట్టుకుని కూర్చోలేదు. భాష బాగా రాని మనిషి తన సొంత పనిని ఏదో టూల్‌లో వేసి ఉండవచ్చు. పట్టిక చూశాను. ఆ డేటాసెట్‌లో మొత్తం 569 రికార్డులు: 357 మామూలు గడ్డలవి, 212 క్యాన్సర్ గడ్డలవి. పేపర్లో ఎనభై శాతం ట్రెయినింగ్‌కు (మెషీన్‌కు నేర్పడానికి), ఇరవై శాతం టెస్టింగ్‌కు (నేర్చుకుందో లేదో చూడటానికి) అని రాశారు. అంటే టెస్టుకు 114 రికార్డులు రావాలి. ఫలితాల పట్టికలో అన్నీ కూడితే అంతకన్నా చాలా ఎక్కువ వచ్చాయి. డెబ్బై, ముప్పై చొప్పున విడగొట్టి ఎనభై, ఇరవై అని తప్పు రాసి ఉంటారా అని చూశాను. అలాగైతే 171 రావాలి, అదీ కుదరలేదు. చివరికి క్యాన్సర్ వరస ఒక్కటీ కూడాను. టెస్టులో క్యాన్సర్ రికార్డుల సంఖ్య 212 దాటిపోయింది. డేటాసెట్ మొత్తంలోనే లేనన్ని క్యాన్సర్ కేసులు, అందులోంచి తీసిన ఒక భాగంలో ఉన్నాయి. ఇది టైపింగ్ పొరపాటుకు అందే తేడా కాదు. ఆ పట్టిక ఈ డేటా నుంచి రాలేదు.

ఇది పట్టుకోవడానికి కూడిక వస్తే చాలు. ఈ పేపర్ జర్నల్ రివ్యూ దాటింది, సిమిలారిటీ దాటింది, ప్రోత్సాహకం కమిటీ దాటింది.

మొదటి ఆథర్ ఒక స్కాలర్. ఆమెతో మాట్లాడటం ఎలా అన్నదాని మీద కమిటీలో వాదన జరిగింది. గైడ్ సమక్షంలో అడగాలన్నారు కొందరు. వద్దన్నాను. గైడ్ ముందు ఏ స్కాలరూ నిజం చెప్పే స్థితిలో ఉండదు, థీసిస్ ఆయన సంతకం మీద ఆధారపడి ఉంది. అలాగని ఏమీ బయటికి పోదని మాట ఇవ్వడమూ సరికాదు, ఎందుకంటే అది నా చేతిలో లేదు. అందుకే కూర్చోగానే చెప్పాను: మీరు చెప్పేది రిపోర్టులోకి వస్తుంది, రిపోర్టు పేపర్ గురించి రాస్తుంది, శిక్ష గురించి రాయదు. కోడ్ ఉందా, డేటా ఫైల్ ఉందా, ఈ పట్టిక ఎవరు వేశారు అని మాత్రమే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మేడం, నేను రాసిన పేపర్ వేరే ఉంది. దాన్ని జర్నళ్లు తిప్పి పంపుతూనే ఉన్నాయి. ఇంక టైం లేదన్నారు సార్. ఒక నంబర్ ఇచ్చారు. వాళ్లు రేటు చెప్పారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాను."

పేపర్లు అమ్మేవాళ్ల ఆ ఫోన్ నంబర్ ఇంకా కొందరు స్కాలర్ల దగ్గర ఉంది. ఆథర్ల వరసలో ఏ స్థానానికి ఎంత అన్నది మెసేజ్‌గా వస్తుంది. మిగతా ఆథర్లెవరో ఆమెకు తెలియదు.

అప్పటిదాకా మేం పేపర్లను మంచివి, చెడ్డవి అని రెండు కుప్పలుగా పెడుతున్నాం. ఆ తర్వాత నాలుగు చేశాం. ఒకటి, నిజాయితీగా జరిగిన పొరపాట్లు; రెండు, పనే నాసిరకం, కానీ సొంత పని; మూడు, పని నిజమే, ఆథర్ల పేర్లు మాత్రం అబద్ధం; నాలుగు, డేటాయే అబద్ధం. ఒక్కోదానికి ఒక్కో దారి. మొదటిదానికి జర్నల్‌కు రాయడంలో యూనివర్సిటీ సాయం చేస్తుంది, ఏ చర్యా ఉండదు. రెండోదానికి శిక్షణ. మూడు, నాలుగు విచారణకు వెళతాయి. అందులోనూ నంబర్ ఇచ్చినవాళ్లనూ డబ్బు కట్టినవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదని రాశాను. కెమిస్ట్రీ మాస్టారు మొదటి కుప్పలో ఉన్నారు. ఆయన పేపర్ వెనక్కి వెళ్లింది, ఆయన ప్రమోషన్ ఆగలేదు.

పెద్ద వాదన ఆ తర్వాత వచ్చింది. నాలుగో కుప్పలో ఉన్నవాటి గురించి పబ్లిషర్లకు యూనివర్సిటీయే ముందుగా రాయాలన్నాను. "మన రిట్రాక్షన్ల నెంబర్ మనమే పెంచుకోవడమా?" అని అడిగారు. పెంచుకోవడమే. ఎన్ఐఆర్ఎఫ్ కోత వేసేటప్పుడు ఎవరు ముందు చెప్పారన్నది చూడదనీ, తాత్కాలికంగా నష్టం ఉంటుందనీ దాచకుండా చెప్పాను. కానీ ఆ పట్టిక అలాగే ఉంటే రేపు ఎవరో పాతిక పేపర్లు కలిపి సమీక్షా వ్యాసం రాస్తారు, ఈ లేని క్యాన్సర్ కేసులు అందులోకి వెళతాయి. మనకు తెలిసి ఊరుకుంటే ఆ అబద్ధంలో మనమూ భాగస్థులం. నాకు అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించింది మాత్రం ఇంకో మాట: మనకు దొరికింది బయటివాళ్లకూ దొరుకుతుంది, అప్పుడు నోటీసులో యూనివర్సిటీ అడిగిందని ఉండదు, యూనివర్సిటీ జవాబివ్వలేదని ఉంటుంది. ఉత్తరాలు వెళ్లాయి.

ఆఖరికి దారి మూయాలి. నగదు ప్రోత్సాహకం ఆపేసి ఆ డబ్బును ల్యాబ్ ఖర్చులకు, ఫీల్డ్ వర్క్‌కు, డేటా భద్రపరచడానికి మళ్లించారు. ప్రమోషన్‌కు సంఖ్య బదులు టీచరే ఎంచుకున్న ఐదు పేపర్లు, ఒక్కోదాంట్లో తన పని ఏమిటో అరపేజీ, అడిగితే చూపించే ముడి డేటా. ఆర్డినెన్స్ నుంచి స్కాలర్ల రెండు పేపర్ల షరతు తీసేసి, డేటా, కోడ్ అప్పగించి అందరి ముందు సెమినార్ ఇవ్వాలన్నారు. టీచర్ల నుంచి గట్టి అభ్యంతరం వచ్చింది, అందులో న్యాయం ఉంది. ర్యాంకింగ్‌లో ప్రచురణల సంఖ్యకు ఇప్పటికీ మార్కులున్నాయి. పక్క యూనివర్సిటీ డబ్బు ఇస్తూనే ఉంది. కొందరు వెళ్లిపోతామన్నారు, ఒకరిద్దరు వెళ్లారు కూడా.

ఈ పనిలో ఉన్నవాళ్లకు

సూచికలు ఎక్కడ చూడాలో చెబుతాయి, ఏం దొరుకుతుందో చెప్పవు. రెడ్ జోన్‌లో ఉందని ఒక యూనివర్సిటీని మోసగాళ్ల కొంప అనుకోవద్దు, లో రిస్క్‌లో ఉందని వదిలేయొద్దు. చిన్న సంస్థల్లో నాలుగు పేపర్లు అటూఇటూ అయితే రేటు ఎగిరి పడుతుంది. ఒకే పేపర్‌లో పది మంది ఆథర్లలో ఒకరు మీవాళ్లయినా లెక్కలో పూర్తిగా మీదే.

రిస్క్ ఎక్కడ ఉందో తెలుసుకోవాలంటే పేపర్ల జాబితా కన్నా ముందు ప్రోత్సాహకాల ఫైల్ అడగండి. ఎవరికి, దేనికి, ఎంత ఇచ్చారో చూస్తే ఏ డిపార్ట్‌మెంట్లో ఏ ఏడాది పేపర్లు ఒక్కసారిగా పెరిగాయో అక్కడే కనబడుతుంది. ఇక్కడ అనుమానపు పేపర్లలో చాలావరకు ప్రోత్సాహకం మొత్తం పెంచిన తర్వాత వచ్చినవే.

పట్టికలు కూడండి. ఇది చాలా చిన్న విషయంలా ఉంటుంది. రివ్యూయర్లు చేయరు, కమిటీలు చేయవు. డేటాసెట్ పేరు చెప్పిన ప్రతి పేపర్‌కూ ఆ డేటాసెట్ తెరిచి మొత్తం ఎంతో చూడండి.

స్కాలర్‌ను వేరుగా, గైడ్ గానీ విచారణాధికారి గానీ లేకుండా కలవండి. ఏం కాపాడగలరో, ఏం కాపాడలేరో ముందే చెప్పండి.

ప్రస్తుతం ఉన్న స్థితి

ఉత్తరాలు రాసిన పబ్లిషర్లలో కొందరు రిట్రాక్షన్ నోటీసులు వేశారు, క్యాన్సర్ పేపర్ వాటిలో ఉంది. కొందరు అందిందని మాత్రం జవాబిచ్చారు. ఆ స్కాలర్ తిరస్కరణకు గురైన తన అసలు పేపర్‌నే థీసిస్‌లో అధ్యాయంగా పెట్టుకోవడానికి కమిటీ అనుమతించింది. నంబర్ ఇచ్చిన గైడ్ విచారణ పూర్తి కాలేదు. అది తేలేదాకా ఆయనకు కొత్త స్కాలర్లను ఇవ్వొద్దనీ, ఉన్నవాళ్లకు వేరే గైడ్‌ను కేటాయించాలనీ రిపోర్టులో రాశాను. మొదటిది అమలైంది. రెండోది అకడమిక్ కౌన్సిల్ ముందు ఉంది.